మంచం పక్క ప్లగ్గు

గడ్డకట్టని చలికాలపు డీజిలు పోసి, కొత్త బ్యాటరీ వేశాను. మా చిన్న ట్రాక్టరు ఇంజనును రాత్రంతా వెచ్చగా ఉంచే హీటరు తీగను పడకగది కిటికీలోంచి లాగి, మంచం పక్క ప్లగ్గులో పెట్టాను.

ఆవిరిస్నానానికి పిలవడానికొచ్చిన పొరుగు రైతు సెప్పో నవ్వాడు.

"ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందిరా! పోయిన చలికాలమంతా పొద్దున్నే నా తలుపు బాది చంపావు, బండి స్టార్టవట్లేదని. అప్పుడే ఈ తీగ తగిలిస్తే నీ సొమ్మేం పోయేది?"

"అప్పుడు ప్లగ్గు ఖాళీ లేదురా."

"ఏం సాకురా బాబూ!"

పొద్దున తాళం తిప్పగానే ట్రాక్టరు గుర్రుమంది. ఒక్కసారి మొరాయించినా బాగుండేది.

మాది పాత ఇల్లు. ఒకేసారి రెండు తగిలిస్తే ఫ్యూజు పోతుంది. పోయిన చలికాలమంతా ఆ ప్లగ్గుకు నా భార్య ఐలాకు ఊపిరందించే మిషను ఉండేది.