తగిన ధర

"ముప్పై రెండు వేలంటే దీనికి ఎక్కువ సార్. ఇదిగో వినండి," అంది జెస్సీ.

లావుపాటి తీగను వేలితో లాగి వదిలింది. గుండెలోకి దిగాల్సిన నాదం రేకు కొట్టుకున్నట్టు గరగరమంది.

రాజారత్నం చిత్తూరులో తన మిద్దె మీది గదిలో, వంకరపోయిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లు చర్చిల్లో, పెళ్లిళ్లలో బేస్ వాద్యం వాయించిన వేళ్లవి. ఇప్పుడు కాఫీ గ్లాసు పట్టుకోవడమే గగనం.

ఆయన అమ్మకానికి పెట్టింది ఎలక్ట్రిక్ అప్‌రైట్ బేస్. మనిషంత ఎత్తు ఉంటుంది కానీ డొల్ల పెట్టె ఉండదు. సన్నటి చెక్క, నాలుగు తీగలు, అంతే. స్పీకరుకి వైరు కలిపితే గానీ నిండుగా గొంతు విప్పదు. బస్సులో భుజానికి ఆనించుకుని తీసుకుపోవచ్చు.

జెస్సీకి కావలసింది అదే. నగరిలో మరమగ్గాల షెడ్డులో పని, ఆదివారం చర్చి కోయిర్‌లో వాయింపు. చర్చిలో ఉన్న పాత బేస్ బీరువా అంత ఉంటుంది. బయటి ఊరి నుంచి పిలుపు వస్తే కోయిర్ బస్సెక్కుతుంది, ఆమె ఉండిపోతుంది. ఈ ఆదివారం పుత్తూరులో పెళ్లి. ఈసారి ఉండిపోకూడదని పట్టుబట్టి వచ్చింది. చేతిలో ఉన్నది ఇరవై వేలు.

"నీకాడ ఎంత ఉంటే అంత ఇచ్చి తీసుకుపో పాపా," అన్నాడు రాజారత్నం. "మూడేండ్లుగా దీన్ని అడిగినోళ్లంతా హోటల్లో బొమ్మ మాదిరి నిలబెట్టుకుంటామన్నోళ్లే. వాయిస్తానని వచ్చింది నువ్వొకదానివే."

"నిన్న ఫోన్లోనే చెప్పినా కదా సార్. దానమైతే నాకొద్దు. బాగుంటే బాగుండే ధర, లోపముంటే లోపానికి తగిన ధర."

"సరే. అట్లయితే నువ్వే చూసి చెప్పు."

జెస్సీ నేల మీద మోకాళ్లూని ఫోన్ లైటు వేసింది. తీగల్ని ఎత్తి పట్టే గుర్రం ఒక పక్కకు కుంగి ఉంది. అందుకే తీగ చెక్కకు తగులుతోంది.

"దీనికి మూడు వేలు తగ్గించండి."

"తగ్గించినా."

వైరు గుచ్చింది. మూలనున్న స్పీకరు చిటపటలాడి మూగబోయింది. వైరును అటూ ఇటూ కదిలిస్తే ఒక క్షణం పలికి మళ్లీ ఆగిపోయింది.

"లోపల కనెక్షన్ ఊగతా ఉండాది సార్. ఇది పెద్ద పని. అయిదు వేలు."

"అయిదు," అన్నాడాయన వెంటనే.

నిలబెట్టే స్టాండు కూడా కుదురుగా లేదు. చెయ్యి తీస్తే పక్కకు ఒరిగిపోతోంది. అక్కడ ఇంకో మూడు తగ్గాయి.

"అంటే ఇరవై ఒకటి," అన్నాడు రాజారత్నం. ఆయన మొహం కొంచెం విచ్చుకుంది. "ఇంగ ఒక్కటి చూడు. ఏదో ఒకటి దొరక్కుండా పోదు."

జెస్సీ తీగల మీద వేళ్లు నడిపింది. మెరుపు పోలేదు, మెత్తబడలేదు. ఇంకొక్క వెయ్యి తగ్గితే చాలు. కానీ చూసింది చెప్పకుండా ఉండలేకపోయింది.

"సార్, తీగలు కొత్తవి. మంచివి. వీటికి మీరు రెండు వేలు కలుపుకోవల్ల."

"ఎవురడిగినారు నిన్ను?" రాజారత్నం కుర్చీలోంచి సగం లేచాడు. "నేనేమన్నా కలపమన్నానా?"

"తగ్గించేటప్పుడు నేను చెప్పినా. కలిపేటప్పుడూ నేనే చెప్పల్ల కదా."

"దీని బ్యాగు జిప్పు చూడు. పోయిండాది."

లాగి చూసింది. "బాగానే ఉండాది సార్."

"ఈ గీత చూడు, ఎంత పొడుగుండాదో."

"గీతకీ సద్దుకీ ఏం సంబంధం సార్?"

కింద వీధిలో ఎవరో బండి స్టార్టు చేసి వెళ్లిపోయారు. జెస్సీ బేస్‌ను గోడకు ఆనించి రెండడుగులు వెనక్కి వేసింది. చెక్క మెడ తిన్నగా ఉంది, ఎక్కడా వంపు లేదు. బాగుచేస్తే ఎలా పలుకుతుందో తనకు తెలుసు. పుత్తూరు పెళ్లికి నాలుగు రోజులే ఉన్నాయి. ఇరవై మూడు వేలు తన దగ్గర లేవు, ఊరికే తగ్గించమని అడగడం ఇష్టం లేదు. ఉత్త చేతుల్తో బస్సెక్కడమూ ఇష్టం లేదు.

బ్యాగు పక్క జేబులో పొడుగ్గా ఏదో కనిపించింది. లాగి చూస్తే తీగల మీద రాసి వాయించే విల్లు.

"సార్, ఈ విల్లు ధర కూడా కలిపే కదా ముప్పై రెండు చెప్పినారు?"

"అవును."

"నేను వేళ్లతోనే వాయిస్తా. ఇది మీరే ఉంచుకోండి, మూడు వేలు తీసేయండి. ఇరవై."

రాజారత్నం గట్టిగా నవ్వాడు. "గట్టిదానివే. తీసుకుపో."

డబ్బు ఇచ్చి, బేస్ భుజానికి వేసుకుని, జెస్సీ మెట్లు దిగింది. ఒక్క రూపాయి దయ లేదు, ఒక్క రూపాయి మోసం లేదు. నిటారుగా నడిచింది. ఆయన భార్య కృపామణి గేటు దాకా తోడు వచ్చింది.

"ఆంటీ, చిత్తూరులో ఇవి బాగుచేసేవాళ్లు యాడుంటారు? ఆదివారం లోపల కావల్ల."

కృపామణి వెనక్కి తిరిగి మిద్దె వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఎవురూ వద్దు పాపా, ఇంటికి పోయి స్క్రూలు బిగించుకో, సాలు. నిన్న నువ్వు ఇరవై దాటి పెట్టలేనని, వచ్చి చూస్తానని ఫోన్ పెట్టేసినావా, ఈ పొద్దున్నే లేసి, ఆ వేళ్లతోనే, బాగుండేదాన్నంతా ఒక్కొక్కటే వదులు చేసి పెట్టినాడు."