ఖాళీ చెయ్యి

“వాడి ఎడమ చెయ్యి చూశావా? ఖాళీగా ఉంది,” అన్నాడు బక్కోడు ఫోన్‌లో.

కోడలు కంప్యూటర్ తెర మీదికి వంగి చూసింది. నిజమే. ముసుగు మనిషి కుడిచేతిలో గద ఉంది. ఎడమ చేతిలో ఏమీ లేదు.

పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి, ఇంటికి రాగానే ఈ ఆట ముందు కూలబడటం ఆమెకు అలవాటు. బక్కోడు పనిచేసేదీ ఆ దుకాణంలోనే. వాడి ఇంట్లో వాడు, ఆమె ఇంట్లో ఆమె కూర్చుని కలిసి ఆడతారు.

ఆటలో ఆమె గడ్డం వీరుడు. ఏడాదిపాటు కంటికి రెప్పలా పెంచుకొచ్చిన వీరుడు. ఈ గుహలో గనక చస్తే మళ్ళీ లేవడు. అది ఆట నియమం.

ముసుగు మనిషి ఎవరో తెలియదు. ఈమధ్యే, ఎవరూ పిలవకుండానే వచ్చి జట్టులో చేరాడు. ఏదైనా చెప్పాలంటే తీరిగ్గా ఒక్కో అక్షరమే కొడతాడు.

“ఒంటిచేతి ఆయుధం తీసుకున్నవాడు రెండో చేత్తో డాలు పట్టాలి కదా,” అన్నాడు బక్కోడు. “డాలు పట్టలేదంటే జేబుదొంగే. ఆ ఖాళీ చెయ్యి మన సంచిలో పెట్టడానికే. నా ఉంగరం అలాగే పోయింది.”

గుహ వాకిట్లో ఆయుధాల గది. గోడకు కత్తి, గొడ్డలి, తుప్పు పట్టిన ఇంకో గద. మనిషికి ఒకటే. కత్తి తళతళలాడుతోంది. కోడలి మనసంతా దాని మీదే.

తెర అడుగున అక్షరాలు పడ్డాయి. “కత్తి వద్దు. గద తీసుకో.”

“ఎందుకు?” కొట్టింది కోడలు.

“లోపల అస్థిపంజరాలు. కత్తికి తెగవు. మొదటిసారి నేను కత్తితోనే వెళ్ళి చచ్చాను. వీడు నా రెండో మనిషి.”

కాసేపాగి ఇంకో మాట పడింది. “తిన్నావా?”

“చూశావా, తిన్నావా అంటున్నాడు,” అంది కోడలు.

“కాకా పడుతున్నాడు. కత్తి మీద కన్నేశాడు. నీ చేతికి తుప్పు గద అంటగట్టి, తన గద పడేసి అది కొట్టేద్దామని.”

కోడలు కత్తే తీసుకుంది.

అసలు ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఇంట్లోనూ అంతే. జబ్బు పడి లేచిన అత్తగారు మొదట్లో మెల్లగా నడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనక నిలబడి ఆట చూసేది. “ఏంటత్తయ్యా?” అని కోడలు విసుక్కున్నాక మానేసింది. ఇప్పుడు గది తలుపేసుకుని, కాలక్షేపానికని కొడుకు ఇచ్చిన పాత కంప్యూటర్ ముందు కూర్చుంటోంది. లోపల్నుంచి ఒకటే టిక్కు టిక్కు. కూతురికి నా మీద చాడీలు రాస్తోంది, ఇంకేం పని ఆవిడకి, అని కోడలి అనుమానం.

గుహలో అస్థిపంజరాలు మీద పడ్డాయి. కత్తి ఎముకలకు తగిలి జారిపోతోంది. కోడలు కుడిచేత్తో కత్తి తిప్పుతూ, ఎడమ చేత్తో డాలు మీట నొక్కి పట్టుకుంది. ముసుగు మనిషి ఆమె ఎడమ పక్కకు వచ్చి గదతో ఒక్కొక్కదాన్నీ పిండి చేశాడు. దెబ్బలన్నీ తనే తిన్నాడు. డాలు లేదు మరి.

“నిన్ను వదలడేంటి?” అన్నాడు బక్కోడు. “సంచి నీ ఎడం పక్కనే ఉంది కదా.”

ఆ సంచిలో ఏడాది కష్టం ఉంది.

“డాలు పట్టు. లేదంటే వెళ్ళగొడతాం,” అని కొట్టింది కోడలు.

జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. “పట్టలేను అమ్మాయీ.”

“అమ్మాయీనా? ఈ గడ్డం వెనక ఉన్నది ఆడదని వీడికెలా తెలుసు?” అంది కోడలు ఫోన్‌లో.

“ఇంకా అడుగుతావేంటి, గెంటేయ్,” అన్నాడు బక్కోడు.

గుహ మధ్యలో గెంటేస్తే చచ్చినట్టే. ఆ సంగతి తెలిసీ ఇద్దరూ మీట నొక్కారు. ముసుగు మనిషి కూలిపోయాడు. కూలేలోపు ఒక్క మాట పడింది.

“ఎడమ పక్క చూసుకో.”

ఆమె అటు తిరిగేలోపే చీకట్లోంచి ఓ అస్థిపంజరం గొడ్డలి దిగింది. గడ్డం వీరుడు పోయాడు.

కోడలు హెడ్‌ఫోన్లు తీసి మంచం మీదికి విసిరింది. ఏడుపొచ్చింది. మంచినీళ్ళ కోసం వంటింటి వైపు నడిచింది.

అత్తగారి గదిలోంచి ఇప్పుడు టిక్కు టిక్కు వినపడటం లేదు. ఎవరి మీదైనా కోపం తీర్చుకోవాలి కదా, ఆ చాడీల సంగతేదో ఇప్పుడే తేల్చేద్దామని తలుపు తోసింది.

“తిన్నావా అమ్మాయీ?” అంది అత్తగారు, తల తిప్పకుండానే.

ఆవిడ కుడిచెయ్యి కీబోర్డు మీద ఉంది, పక్షవాతం వచ్చినప్పటి నుంచి లేవని ఎడమ చెయ్యి ఒళ్ళో ఉంది, ఎదురుగా తెర మీద ముసుగు మనిషి తన గద పక్కనే బోర్లా పడి ఉన్నాడు.