పెద్దాడి చెయ్యి

గుండీలు కుట్టే మెషీన్ ముందు కూర్చున్న లాయరమ్మ ఉన్నట్టుండి స్టూలు మీంచి వెల్లకిలా పడింది.

"ఏంటమ్మా అలా తోశావ్?" అంటూ పక్కనున్న కొత్తామె మీద విరుచుకుపడింది.

"తోయలేదమ్మా, లాగాను. మాటల్లో పడి సూది కింద వేలు పెట్టేశారు."

"ఇరవయ్యేళ్లుగా కుడుతున్నా. నా వేలు ఎక్కడుందో నువ్వు చెప్పాలా?"

కొత్తామె స్టూలు నిలబెట్టి, కత్తెర తీసుకుని, చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించే తన పనిలో పడింది.

నిజానికి లాయరమ్మ ఏ కోర్టు గడపా తొక్కలేదు. టీవీ సీరియల్లో చిక్కుముడి పడితే చాలు, ఆ చొక్కాల ఫ్యాక్టరీలో వాదించేదీ ఆవిడే, తీర్పు చెప్పేదీ ఆవిడే. అందుకే ఆ పేరు.

ఈసారి ముడి గట్టిదే. సీరియల్లో తమ్ముడు మేడ మీంచి పడి చనిపోయాడు. పిట్టగోడ దగ్గర అన్న చెయ్యి చాచి ఉన్నాడు. తోశాడా, పట్టుకోబోయాడా? అక్కడ ఆపేశారు. పైగా, "మీరే తేల్చండి, మీ ఓటును బట్టే ముగింపు" అన్నారు ఛానెల్ వాళ్లు.

మధ్యాహ్నం క్యారేజీలు విప్పారో లేదో వాదన మొదలైంది.

"తోశాడు. ఆస్తంతా వాడికే వస్తుందిగా!" అంది లాయరమ్మ.

"మరి అంతలా ఏడ్చాడుగా?" అంది కాలర్లు కుట్టే అక్క.

"మొసలి కన్నీళ్లు. ఒక్క కంట్లోంచే వచ్చాయి. ఫోన్లో ఆపి మరీ చూశాను."

గోడవారగా కూర్చున్న కొత్తామె అన్నం కలపడం ఆపింది.

"తోయలేదమ్మా. గోడ మీద బోర్లా పడి చెయ్యి అందించాడు. అందలేదు. మోచెయ్యంతా గీరుకుపోయింది."

"మోచెయ్యా? ఏ ఎపిసోడ్‌లో చూపించారూ?"

ఆమె మళ్లీ అన్నం కలపసాగింది.

"నువ్వు చూసే సీరియల్ వేరే, మేం చూసేది వేరేలా ఉందే!" అంది లాయరమ్మ.

హాలంతా గొల్లుమంది.

"కోర్టే వదిలేసిందమ్మా వాణ్ణి," అంది ఆమె మెల్లగా.

"ఇంకా అరెస్టే కాలేదు, అప్పుడే కోర్టా? కొత్తామె మనకంటే ముందే కథ రాసేస్తోందర్రా!"

తీర్పు చెప్పడంలో సుఖం మరిగినవాళ్లు సాక్ష్యం ఎందుకు వింటారు?

ఆ సాయంత్రంతో ఓటింగ్ ఆఖరు. లాయరమ్మ ప్రతి మెషీన్ దగ్గరకూ వెళ్లి, అందరి ఫోన్లలోనూ 'తోశాడు' అని దగ్గరుండి నొక్కించింది.

కొత్తామె ఆవిడ వెనకే తిరిగింది. చివరికి ఉండబట్టలేక చెయ్యి పట్టుకుంది.

"మీ మాట అందరూ వింటారు. ఒక్కసారి ఆలోచించండమ్మా. తోశాడని టీవీలో తేల్చేస్తే ఆ పిల్లాడు వీధిలో తలెత్తుకు తిరగ్గలడా?"

"ఏ పిల్లాడు? వాడు ముఖానికి పూసిన రంగు కడుక్కుని ఇంటికెళ్లి హాయిగా అన్నం తింటాడు. మధ్యలో నీకెందుకు నొప్పి? వదులు!"

ఆమె వదిలేసింది.

'తోశాడు' గెలిచిందని టీవీలో చెప్పిన మర్నాటి నుంచి కొత్తామె పనికి రాలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. దారాలు కత్తిరించడానికి ఇంకొకామె వచ్చింది.

ఆఖరి ఎపిసోడ్ వచ్చిన రోజు ఫోన్‌ను అన్నం డబ్బాకు ఆనించి అందరూ చుట్టూ మూగారు. తెర మీద అన్న రెండు చేతులతో తమ్ముణ్ణి తోసేశాడు.

"చెప్పానా!" అని లాయరమ్మ చప్పట్లు కొట్టింది.

అంతలో తెర నల్లబడింది. 'ఇది నిజంగా జరిగిన కథ' అన్న అక్షరాలు, వాటి కింద పాత పేపర్లో అచ్చయిన ఒక కుటుంబం ఫొటో.

లాయరమ్మ ఫోన్ దగ్గరికి లాక్కుంది. సూది పోటు తప్పిన ఆ వేలితోనే ఫొటో పెద్దది చేసింది.

ఇద్దరు కొడుకుల మధ్య నిలబడి, వాళ్ల భుజాల మీద చేతులు వేసి నవ్వుతున్న ఆ తల్లి, మొన్నటిదాకా లాయరమ్మ పక్కనే కూర్చుని దారాలు కత్తిరించిన కొత్తామె.