చేత్తో పోసిన కాఫీ

“మిషను యాడ?”

అనూష వంటగది గట్టు మొత్తం వెతికింది. కాఫీ మిషను ఉండాల్సిన చోట ఒక గాజు గరాటూ, కొంగమెడ లాంటి సన్న మూతి ఉన్న కెటిలూ ఉన్నాయి.

“అటక మీద పెట్టినా,” అన్నాడు సుకుమార్, ఆమె మొహంలోకి చూస్తూ. “ఇంక చేత్తోనే పోసుకుందాం. దీంట్లో అంతా కంటికి కనపడతాది.”

“మీట నొక్కితే అయిపోయేదానికి ఇంత తతంగం ఎందుకు?”

“దాన్ని నమ్మలేం. మొన్న కాఫీ మాడబెట్టింది గదా!”

మాడబెట్టింది మిషను కాదు. అది తన పని ముగించి, కుయ్యిమని కూత పెట్టి మరీ చెప్పింది. పక్కనే కూర్చున్న ఈ పెద్దమనిషే ఫోనులో తల దూర్చి లేవలేదు. అనూష స్నానాల గదిలోంచి అరిచినా కదల్లేదు.

ఆ మిషను ఆమె తన మొదటి జీతంతో కొన్నది. అది గుడగుడలాడుతున్నంతసేపూ ఇద్దరూ గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. తడ దగ్గరి ఫ్యాక్టరీలో సుకుమార్‌ది రేకులు కొట్టే ప్రెస్సుల దగ్గర పని. రోజంతా ఆ దడదడల మధ్య గడిపే మనిషికి పొద్దున పూట ఈ కబుర్లే ప్రాణం. అలాంటివాడు నెల రోజులుగా నోరు విప్పడం లేదు. ఎవరు ఫోన్ చేసినా ఎత్తడు, మెసేజి పెట్టమంటాడు. రాత్రిళ్లు అదే సెక్షన్‌లో పనిచేసే రోజాతో మెసేజీలు నడుస్తూనే ఉంటాయి. అడిగితే, కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని, ఇద్దరికీ ఆ దిగులేనని అంటాడు.

సుకుమార్ అటు తిరిగి, గరాటులో కాగితం పెట్టి పొడి వేశాడు. వేణ్ణీళ్లు సన్నటి ధారగా గుండ్రంగా తిప్పుతూ పోయసాగాడు.

అనూష గుమ్మంలో నిలబడింది. నెల నుంచి దాచుకున్న మాట ఇవాళ ఆగలేదు.

“ఆ రోజా ఎవురు నీకు?”

ధార తెగలేదు.

“ఏమీ లేదని ఒక్క మాట చెప్పు. నమ్ముతా.”

పొడి పొంగి బుడగలు వేసింది. అతను వంగి దాన్నే చూస్తున్నాడు.

“బదులు చెప్పకుంటే ఇప్పుడే నెల్లూరు బస్సెక్కి మా అక్క కాడికి పోతుండా. మళ్లీ రాను!”

ఒక్క చుక్క కూడా బయట పడలేదు.

ఆ నిబ్బరం చూసి ఆమెకు ఒళ్లు మండింది. వెనువెంటనే భయమేసింది. ఇంత మాటకు కూడా చలించని మనిషితోనా తను కాపురం చేస్తున్నది? గదిలోకి వెళ్లి చేతికందిన చీరలు బ్యాగులో కుక్కింది. ఏడుపు ఆపుకుంటూ చెప్పులు వేసుకుంది.

“ఈసారి భలే కుదిరింది, తాగి చూడు!” రెండు కప్పులతో నవ్వుతూ వచ్చాడు సుకుమార్. బ్యాగు చూడగానే కప్పులు తొణికి, కాఫీ చేతుల మీద పడింది. “ఏందది? యాడికి పోతుండావు?”

“యాడికా?” అనూష గొంతు పగిలేలా అరిచింది. “ఇంతసేపూ నేను మొత్తుకున్నది ఒక్క ముక్కన్నా విన్నావా?”

అతను కప్పులు కింద పెట్టాడు. ఆమె పెదాల వంకే చూస్తున్న కళ్లలో నీళ్లు నిండాయి.

“అనూ, నాకు ఆ మిషను కూత కూడా వినపడటంలే.”