కోడి కింద బాతుగుడ్లు

దగ్గరికి జరిగి కూర్చోండర్రా! ఒక బడిలో పిల్లలు చూస్తారని గంపలో ఊక పోసి, బాతుగుడ్లను కోడి కింద పొదగేశారు. తల్లిబాతు చెరువులోంచి తడిపొట్టతో వస్తే చాలు, “దూరం వదినా! గుడ్లు చల్లబడిపోతాయి!” అని కోడి కసిరేది.

ఆ రోజు ఒక గుడ్డు చిట్లింది. లోపల్నుంచి కిచకిచ! కోడికి సంబరమే సంబరం. కానీ పిల్ల బయటికి రాదే! లోపలి పొర ఎండి దాని ఒంటికి అతుక్కుపోయింది. కిచకిచ సన్నబడింది. 

“దానికి తడి కావాలి వదినా, నన్ను రానీ!” అంది గుమ్మంలోంచి బాతు.

“రా తల్లీ, పరిగెత్తు!” అంటూ కోడి గభాల్న లేచింది.

బాతు తడిపొట్ట తగలగానే పొర నాని మెత్తబడింది. పిల్ల ఒక్క తన్ను తన్ని బయటపడింది!

“అమ్మో, ఎంత వెడల్పు ముక్కే!” అని కోడి గంతులేసింది. “మిగతావీ కదులుతున్నాయి వదినా! జరుగు, ఇద్దరం కూర్చుందాం.”

ఇక లేవండర్రా, ఇళ్లకెళ్లి అన్నాలు తినండి.