ఇంగ్లీషోళ్ళ ఇల్లు

అందరి చెవుల్లోకీ అనువాద యంత్రం వచ్చేసిన రోజులవి. ఎవరేం మాట్లాడినా వినేవాడికి సొంత యాసలోనే వినపడేది. భాష నేర్చుకునే బాధ తప్పింది గానీ, బుద్ధి నేర్పే యంత్రం ఇంకా రాలేదు. గ్లాస్గోలో గది కోసం తిరిగి తిరిగి కాళ్ళరిగిన ఓదెలు, మోరాగ్ అనే ముసలామె ఇల్లు చూసి మురిసిపోయాడు.

"మీ ఇంగ్లీషోళ్ళ ఇండ్లు మస్తుంటయమ్మా."

ఆమె మొహం మాడింది. "మేం బ్రిటిషోళ్ళమే గని ఇంగ్లీషోళ్ళం కాదు బిడ్డా. వాళ్ళది ఇంగ్లండు, మాది స్కాట్లాండు."

"ఏదైతేంది, అంతా ఒకటే గద."

"మునుపున్న కిరాయిదారు గూడ నీ లెక్కనే తెలుగోడు, గిట్లనే అన్నడు. మీ ఆంధ్రోళ్ళకు గది ఇయ్య."

ఓదెలు భగ్గుమన్నాడు. "ఎవలమ్మా ఆంధ్రోడు? నేను తెలంగాణోణ్ణి. తెలుగు మాట్లాడినోళ్ళందర్నీ ఒక్క గాటన కడితే ఊకుంటనా" అంటూ, తన మాట తనకే తగిలి నాలుక కరుచుకున్నాడు.

మోరాగ్ పకపకా నవ్వింది. "గిప్పుడు సమజైంది నీకు. సామాను తెచ్చుకో."