సొంత గుర్రం, సొంత కత్తి

కాషిఫ్ వాళ్ల ముత్తాత తెల్లదొరల సైన్యంలో రౌతు. ఆయన కత్తిని మా హైదరాబాదీ మిత్రుడు మెల్‌బోర్న్ దాకా మోసుకొచ్చి, హాల్లో టీవీ పైన వేలాడదీశాడు. 1999 డిసెంబరులో ఒక శనివారం నన్ను మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు.

“దొరలు మంచి కత్తే ఇచ్చారు,” అన్నాను, కోడికాలు కొరుకుతూ.

“వాళ్లేడ ఇచ్చిన్రు, భాస్కర్ భాయ్? గుర్రం సొంతం, కత్తి సొంతం. గుర్రానికి గడ్డి గూడ మనమే ఎయ్యాలె. అన్నీ తీస్కపోతేనే నౌకరీ.”

అంటే యుద్ధం ఒక్కటే దొరగారిదన్నమాట! నాకు నవ్వాగలేదు.

“గుర్రం చస్తే?”

“ఇంకోటి కొనుక్కోవాలె. లేకుంటే ఇంటికి పొమ్మంటరు.”

“ఇలాంటి అమాయకులు దొరికారు కాబట్టే అన్నేళ్లు ఏలారయ్యా! నన్ను చూడు. ఒకడి కింద ఉద్యోగం చెయ్యను. కంప్యూటర్ కాంట్రాక్టర్‌ని. నా కంపెనీకి నేనే డైరెక్టర్‌ని, నేనే ప్యూన్‌ని,” అని జ్ఞానబోధ చేశాను. కాషిఫ్ వినయంగా ఇంకో ముక్క వడ్డించాడు.

నడుముకున్న పేజర్ కుయ్యిమంది. ఫోన్ చేస్తే నేను పనిచేసే బ్యాంకులో మా మేనేజర్ ఎత్తాడు. టెస్టింగ్‌లో తేదీని 2000కి మార్చగానే కంప్యూటర్ మళ్లీ 1900లోకి వెళ్లిపోయిందట. వెంటనే రాకపోతే సోమవారం నుంచి ఇంకో కాంట్రాక్టర్ వస్తాడని ఎంతో మర్యాదగా చెప్పాడు.

కోడికాలు ప్లేట్లో పడేశాను. సొంత లాప్‌టాప్ భుజాన తగిలించుకుని, సొంత కారు దగ్గరికి పరుగెత్తాను.

కాషిఫ్ గేటు దాకా వచ్చి, కారు కిటికీలోంచి పెట్రోలు ముల్లు వైపు చూశాడు.

“గుర్రానికి గడ్డేసినవా, భాయ్?”